పుస్తకాలు కోహాలో లేవు

"మా లైబ్రరీలో కోహా వేయించామండీ, పుస్తకాలన్నీ అందులోనే ఉన్నాయి" అంటారు గ్రంథపాలకులు. కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడిదీ అదే పాట: కోహా పాడైంది, మళ్లీ వేస్తే సరిపోతుంది. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. కోహా లైబ్రరీ నడిపే సాఫ్ట్‌వేర్ మాత్రమే, అందులో ఒక్క పుస్తకం వివరమూ ఉండదు. ఉన్నదంతా దాని వెనకాల, తెర మీద ఎక్కడా కనబడని డేటాబేస్ సర్వర్‌లో ఉంటుంది. కోహాకైతే అది మరియాడీబీ, లేదంటే మైఎస్‌క్యూఎల్. హైదరాబాద్‌లో తయారైన న్యూజెన్‌లిబ్‌కు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్. ముందున్న సాఫ్ట్‌వేర్ చెడిపోతే ఓ పూటలో మళ్లీ వేసుకోవచ్చు. వెనకున్నది పోతే యాక్సెషన్ రిజిస్టర్ ముందేసుకుని ఒకటో నంబరు నుంచి టైపు కొట్టుకోవాలి.

ఒకప్పటి ఊళ్లో కరణంగారి సంగతి తెలిసినవారికి ఈ సర్వర్ గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఊరి భూముల లెక్కంతా ఆయన దస్తరంలో ఉంటుంది. ఆ కట్ట విప్పేది ఆయనే. ఎవరికేం కావాలన్నా ఆయన్ని అడగాలి, ఆయనే తీసి చెప్పాలి. అడగడానికి ఒక భాష ఉంది, దాని పేరు ఎస్‌క్యూఎల్. కోహా చేసేదల్లా ఆ భాషలో అర్జీ రాయడమే. సభ్యుడు పుస్తకం తీసుకుంటే ‘ఇష్యూస్’ అనే పట్టికలో ఒక వరుస రాయమంటుంది. తిరిగిస్తే ఆ వరుసను ‘ఓల్డ్ ఇష్యూస్’లోకి మార్చమంటుంది. ఒకే ప్రతి కోసం రెండు కౌంటర్ల నుంచి ఒక్కసారే అర్జీలొస్తే, కరణం ఒకరిని అరుగు మీద కూర్చోబెట్టి రెండోవారి పని చూస్తాడు. పైగా ఆయన పద్దును ముందు చిట్టాలో రాస్తాడు, ఆనక తీరిగ్గా ఆవర్జాలోకి ఎక్కిస్తాడు. మధ్యలో కరెంటు పోయిందా, వచ్చాక చిట్టా తిరగేసి పూర్తయిన పద్దుల్ని ఎక్కిస్తాడు, సగంలో ఆగినవాటిని కొట్టేస్తాడు. మరియాడీబీలో ఇన్నోడీబీ అనే భాగం చేసేది సరిగ్గా ఈ పనే. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. భూముల లెక్క రద్దు కాలేదు. మీ లైబ్రరీలోనూ అర్జీలు రాసేవాడు మారినా, చివరికి కరణమే మారినా, లెక్క నిలవాలి.

ఇన్‌స్టాలేషన్‌లో పెద్ద విద్యేమీ లేదు. డెబియన్ గానీ ఉబుంటు గానీ ఉన్న మెషిన్‌లో ముందు మరియాడీబీ సర్వర్, తర్వాత కోహా-కామన్ ప్యాకేజీ. ‘కోహా-క్రియేట్’ ఆదేశానికి ‘క్రియేట్-డీబీ’ తగిలించి, లైబ్రరీకి ‘సెంట్రల్’ అని పేరు పెడితే ‘కోహా_సెంట్రల్’ అనే డేటాబేసూ, అదే పేరుతో ఒక యూజరూ తయారవుతాయి. పాస్‌వర్డ్ కూడా అదే పుట్టించుకుని కోహా-కాన్ఫ్ ఫైలులో రాసిపెట్టుకుంటుంది. ఆ యూజర్‌కు ఆ ఒక్క డేటాబేస్ మీదే అధికారం. ఓపిక లేనివాళ్లు రూట్ యూజర్‌తోనే పని కానిచ్చేస్తుంటారు. అది ఊళ్లోని దస్తరాలన్నీ తెచ్చి ఒక అర్జీదారు చేతిలో పెట్టడమే.

తెలుగు లైబ్రరీలు దెబ్బతినేది అక్షరాల దగ్గర. దీన్ని కాస్త తీరిగ్గా చూద్దాం.

డిస్కు మీద అక్షరాలుండవు, అంకెలే ఉంటాయి. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి. ‘అ’ కొడితే డిస్కు మీద ఇ0, బి0, 85 అని పడుతుంది. ‘కన్యాశుల్కం’ మన కంటికి 4 అక్షరాలు. కంప్యూటర్ గుణింతాల్నీ, పొల్లునీ, సున్నానీ విడివిడిగా లెక్కపెడుతుంది కాబట్టి దానికి 11 గుర్తులు, 33 బైట్లు.

ఇందులో ప్రమాదాలు రెండు రకాలు. బైట్లు సవ్యంగానే ఉండి, చదివే ప్రోగ్రాం వాటిని లాటిన్-1 అనుకుందనుకోండి. ‘అ’ ఉండాల్సిన చోట నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు చిన్న ‘ఎ’, పక్కన డిగ్రీ గుర్తు, ఆ పక్కన మూడు చుక్కలు కనబడతాయి. చూడ్డానికి ఘోరంగా ఉంటుంది గానీ భయపడాల్సింది లేదు. బైట్లు భద్రం, చదివే పద్ధతి దిద్దితే తెలుగు తిరిగొస్తుంది. రెండోది అలా కాదు. పట్టికే లాటిన్-1లో ఉండి, సర్వర్ కూడా కాదనకుండా తెలుగును అందులోకి మార్చి రాసేసిందంటే, చోటు దొరకని ప్రతి గుర్తుకూ ఒక ప్రశ్నార్థకం పడుతుంది. ‘కన్యాశుల్కం’ కాస్తా 11 ప్రశ్నార్థకాలవుతుంది. వాటిని తిరిగి గురజాడ నాటకం చేయడం ఏ నిపుణుడి తరమూ కాదు. ఫాంటు మారిస్తే వచ్చేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఫాంటు లేకపోతే కనబడేవి ఖాళీ డబ్బాలు, ప్రశ్నార్థకాలు కావు.

విరుగుడు యూటీఎఫ్8ఎంబీ4. మైఎస్‌క్యూఎల్ సంప్రదాయంలో ఉత్త ‘యూటీఎఫ్8’ 3 బైట్ల దగ్గరే ఆగిపోతుంది. తెలుగుకు అదీ చాలుతుంది గానీ 4 బైట్ల గుర్తులు అందులో పట్టవు. ఇప్పటి కోహా పట్టికలు ఎంబీ4లోనే తయారవుతాయి. చిక్కల్లా పాత సాఫ్ట్‌వేర్ నుంచి రికార్డులు తెచ్చుకునేటప్పుడే.

ఆ రికార్డులు సాధారణంగా మార్క్ పద్ధతిలో వస్తాయి. 1960లలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దీన్ని రూపొందించిన హెన్రియెట్ ఎవ్రమ్ గ్రంథాలయ శాస్త్రం చదువుకున్న మనిషి కాదు, ప్రోగ్రామర్. మన గ్రంథాలయాల్లో గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ పటం పక్కన ఈవిడ పటం కూడా ఉండాలని నా కోరిక. ఆవిడ పద్ధతిలో 100 అంటే రచయిత, 245 అంటే పుస్తకం పేరు. ప్రతి రికార్డుకూ మొదట 24 గుర్తుల లీడర్ ఉంటుంది. సున్నా నుంచి లెక్కపెడితే అందులో 9వ స్థానంలో ‘ఎ’ ఉంటే యూనికోడ్ అని అర్థం, ఖాళీ ఉంటే పాత మార్క్-8. తెలుగు రికార్డులో ఆ చోటు ఖాళీగా ఉందంటే దిగుమతికి ముందే దిద్దుకోవాలి.

మిగతా అమరికలు రెండు ముక్కల్లో తేల్చేయవచ్చు. కోహా, మరియాడీబీ ఒకే మెషిన్‌లో ఉంటే బైండ్ అడ్రస్ 127.0.0.1 దగ్గరే ఉంచండి, 3306 పోర్టును బయటి ప్రపంచానికి తెరవకండి. ఇన్నోడీబీ మెమరీలో వాడుకునే బఫర్ పూల్ మామూలుగా 128 ఎంబీ ఉంటుంది, దాన్ని పెంచుకోవచ్చు. మెమరీలో ముప్పాతిక వంతు దానికే ఇవ్వాలనే సలహా డేటాబేస్‌కు వేరే మెషిన్ ఉన్నవాళ్లకు. 8 జీబీ మెషిన్‌లో వెబ్ సర్వర్ అపాచీ, జీబ్రా కూడా బతకాలి కాబట్టి ఒకటి రెండు జీబీలు చాలు.

జీబ్రా అంటే వెతుకుడు సూచిక. ‘పుస్తకం ఎక్కించాను, వెతికితే రావడం లేదు, డేటా పోయింది’ అని కంగారుపడేవాళ్లు ముందు దాన్ని చూడాలి. చాలాసార్లు పట్టికలో పుస్తకం క్షేమంగానే ఉంటుంది, సూచికే వెనకబడి ఉంటుంది. ‘కోహా-రీబిల్డ్-జీబ్రా’ నడిపితే కుదురుకుంటుంది. ఆయుధపూజనాడు సర్వర్‌కు బొట్టు పెట్టుకోండి, నిమ్మకాయ కట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. గాలి ఆడే జాలీకి మాత్రం పసుపు పూయకండి. నిమ్మకాయ హార్డ్‌డిస్కును కాపాడిన దాఖలా లేదు.

కాపాడేది బ్యాకప్. నడుస్తున్న సర్వర్ డేటా ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడం బ్యాకప్ కాదు. కరణం రాస్తూండగా ఆవర్జా ఫొటో తీస్తే ఏ పద్దు సగంలో ఉందో ఎవరికి తెలుసు? కోహా-కామన్ రోజూ తనంతట తానే సక్రమంగా నకలు తీస్తుంది. కానీ దాన్ని అదే మెషిన్‌లో దాచుకుంటుంది, కొద్దిరోజులే ఉంచుతుంది. రోజూ దాన్ని మరో చోటికి చేర్చడం మీ పని.

ఈ నెలలోనే ఒక పని చేయండి. మూలన పడి ఉన్న పాత కంప్యూటర్ ఒకటి తీసి, అందులో మీ కోహా వెర్షనే వేసి, ‘కోహా-రిస్టోర్’తో నిన్నటి నకలు ఎక్కించండి. ఒక తెలుగు పుస్తకం పేరు వెతకండి. ఒక సభ్యుడి ఖాతా తెరిచి, ఆయన దగ్గరున్న పుస్తకాలు సరిగ్గా చూపిస్తోందేమో చూడండి. రెండూ వస్తే మీ లైబ్రరీ భద్రం. రాకపోతే, అసలు సర్వర్ ఇంకా నడుస్తుండగానే తెలిసినందుకు సంతోషించి, ఆ రోజే సరిచేసుకోండి.