లాగడం తేలికే, ఆపడమే కష్టం

పుత్తూరు: జూన్ వచ్చిందంటే ఈ ప్రాంతపు తోటల నుంచి తోతాపురి కాయలతో ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల దారి పడతాయి. ఇంజను లాగుతున్నది కదా అని ట్రాలీకి అదనపు పలకలు కట్టి నింపేవారున్నారు. అయితే ఆ బరువునంతా పట్టి ఉంచేది కొక్కెంలోని ఒక్క ఇనుప పిన్ను.

ఎడ్లబండి తోలినవారికి ఇది కొత్త సంగతి కాదు. బరువు వెనక్కి పోతే కాడి పైకి లేచి పలుపులు గొంతు నొక్కుతాయి. ముందుకు పోతే మెడలు కుంగుతాయి. రెండు చక్రాల ట్రాలీలోనూ బరువు ఇరుసుకు కొద్దిగా ముందుకు ఉండాలి. అది మితిమీరితే మిట్ట ఎక్కేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగు తిప్పినా బండి తిరగదు. పల్లంలో చిక్కు వేరు. బ్రేకు లేని ట్రాలీ వెనుకనుంచి ట్రాక్టరును నెడుతుంది. న్యూట్రల్‌లో దిగడమంటే ప్రాణాలతో చెలగాటమే. చిన్న గేరులోనే దిగాలి.

కొత్తగా వచ్చిన కరెంటు కార్లకూ ఇదే లెక్క. వాటి మోటారుకు కదిలేటప్పుడే పూర్తి బలం ఉంటుంది. అయినా ఎంత బరువు లాగవచ్చునో కంపెనీ ఇచ్చిన పుస్తకంలో లేకపోతే ట్రాలీ కట్టరాదు. కట్టినా, ఒక చార్జికి నడిచే దూరం బాగా తగ్గుతుంది.

ట్రాక్టరుకైనా కారుకైనా, బయలుదేరే ముందు పిన్ను అరిగిందేమో, అడ్డుశీల ఉందో లేదో చూసి, విడిగా ఒక గొలుసు కూడా తగిలించాలి.