వికీపీడియా నుండి తీసుకుంటున్నామా? పేరు చెప్పుదాం



పెదపాడు మొదలుకొని ఏలూరు, తాడేపల్లిగూడెం వరకు అనేక సంఘాలు ఇప్పుడు సొంత వెబ్‌సైట్లు పెట్టుకుంటున్నాయి. ఆరాధన వేళలు, ప్రసంగాలతో పాటు ‘మా గ్రామం’ అని ఒక పేజీ కూడా చేర్చాలని యౌవనస్థులు ఆశపడతారు. అది మంచిదే. అయితే తెలుగు వికీపీడియాలోని వ్యాసాన్ని ఉన్నదున్నట్టు దించి, అడుగున ‘సర్వహక్కులు మావే’ అని వ్రాస్తే అది న్యాయమా? ‘వికీపీడియా అందరిదీ కదా, అడిగేవారెవరు?’ అనే మాట వినబడుతోంది గనుక ఈ వారం వివరిస్తున్నాము.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. మన పల్లెలను గురించి, కొల్లేటిని గురించి అందులో వ్యాసాలున్నాయి. వాటిని వ్రాసేది జీతం ఆశించని స్వచ్ఛంద సేవకులు. వారు తమ హక్కును వదులుకోలేదు. ‘క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్-షేర్‌అలైక్ 4.0’ అనే లైసెన్సు కింద అందరికీ అనుమతి ఇచ్చారు. ఎవరినీ అడగనక్కరలేదు, రుసుము లేదు. మార్చుకోవచ్చు, పుస్తకంగా అచ్చువేసి అమ్మవచ్చు కూడా. కాని మూడు షరతులున్నాయి.

మొదటిది, ఎవరిదో చెప్పాలి. వ్యాసానికి లింకు ఇస్తే చాలు. వ్రాసినవారి పేర్లు ఆ పేజీ చరిత్రలో ఉంటాయి. లైసెన్సు పేరు వ్రాసి, దానికీ లింకు ఇవ్వాలి. రెండవది, మార్పులు చేస్తే చేశామని చెప్పాలి. మూడవది, మార్చి వ్రాసిన ఆ వ్యాసాన్ని అదే లైసెన్సు కింద ఇతరులకు ఇవ్వాలి. దీనివలన సైటులోని మన ప్రసంగాలు, సాక్ష్యాలు ఆ లైసెన్సు కిందికి రావు. తీసుకున్న వ్యాసానికే ఇది వర్తిస్తుంది.

వ్యాసం కింద ఇలా వ్రాస్తే సరిపోతుంది: ‘ఈ సమాచారం తెలుగు వికీపీడియాలోని పెదపాడు వ్యాసం నుండి తీసుకుని, కుదించినది. లైసెన్సు: సీసీ బై-ఎస్‌ఏ 4.0.’

ఫొటోల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఒక్కొక్క ఫొటోకు వేరు లైసెన్సు ఉండవచ్చు. కొల్లేటి పక్షుల బొమ్మ కావాలంటే, దానిమీద నొక్కి, తీసినవారి పేరు, షరతులు చూసి అవి కూడా వ్రాయండి. వికీపీడియా లోగో మాత్రం పెట్టకండి, అది ట్రేడ్‌మార్కు.

తీసుకున్న తేదీ కూడా వ్రాయడం మేలు. ఏలూరు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకుముందు దించుకున్న పేజీలో పెదపాడు పశ్చిమ గోదావరి జిల్లాలోనే ఉండిపోతుంది.

షరతు తప్పితే అనుమతి రద్దవుతుంది. అయితే తప్పు తెలిసిన 30 రోజులలో సరిదిద్దుకుంటే తిరిగి వస్తుందని ఆ లైసెన్సే చెబుతోంది.

ఏథెన్సులో పౌలు గ్రీకు కవుల మాటను వాడినప్పుడు, అది వారి కవులదేనని ఒప్పుకున్నాడు (అపొ. కా. 17:28). అందువలన అతని ప్రసంగానికి తక్కువ కలగలేదు. జీతం లేకుండా వ్రాసినవారికి దక్కేది పేరొక్కటే. దానిని వారికి దక్కనిద్దాం. సంఘ పెద్దలు ఈ వారమే తమ సైటు తెరిచి, ఆ ఒక్క వాక్యం ఉందో లేదో చూడాలని మనవి.