గూగుల్ షీట్స్‌లో నంబర్ గేమ్: దాచిన సెల్ దాగదు!

అశోక్ నగర్‌లో ఏ గల్లీలోకి వెళ్లినా స్టడీ హాల్, జిరాక్స్ షాప్, హాస్టల్ కనిపిస్తాయి. మా రూమ్మేట్ పొద్దున్నే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్తే రాత్రికే రావడం. ఏపీపీఎస్సీ గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాడు. పాలిటీ గడగడా చెప్తాడు కానీ, తర్వాత వచ్చే కంప్యూటర్ ప్రొఫిషియెన్సీ టెస్ట్ అంటే వణుకు. "ఎక్సెల్ చూస్తేనే నిద్రొస్తుంది మామా" అన్నాడు. సరే, పాఠం వద్దు, ఇద్దరం కలిసి గేమ్ చేద్దాం అన్నా.

గేమ్ సింపుల్. 1 నుంచి 100 లోపు షీట్ ఒక నంబర్ అనుకుంటుంది, మనం కనుక్కోవాలి. 'రహస్యం' అనే షీట్‌లో ఏ1 సెల్‌లో =ర్యాండ్‌బిట్వీన్(1,100) పెట్టాం. 'ఆట' షీట్‌లో మన గెస్, పక్కన ఇఫ్ ఫార్ములా: గెస్ ఎక్కువైతే "తగ్గించు", తక్కువైతే "పెంచు", సమానమైతే "కరెక్ట్". గెస్ ఖాళీగా ఉంటే ఏమీ చూపించొద్దని ముందే చెప్పాలి. లేకపోతే ఖాళీని సున్నాగా లెక్కేసి అన్ని వరుసల్లోనూ "పెంచు" అని నింపేస్తుంది.

ఫార్ములాని కిందికి లాగాం. రెండో వరుస నుంచి ఏ నంబర్ కొట్టినా "తగ్గించు"! 1 కొట్టినా అంతే. లాగినప్పుడు ఏ1 కాస్తా ఏ2, ఏ3 అయిపోయింది, అక్కడేమో ఖాళీ. $ఏ$1 అని డాలర్ గుర్తులు పెడితే సెల్ కదలదు. ఇది పదిసార్లు చదివినా గుర్తుండదు, ఒక్కసారి ఇలా దెబ్బ తింటే చాలు.

అసలు తమాషా ఆ తర్వాత. 50 కొట్టాడు, "పెంచు" అంది. 75 కొట్టగానే పైనున్న 50 పక్కన "తగ్గించు" అని మారిపోయింది! వాడు నావైపు అనుమానంగా చూశాడు. నేనేం చేయలేదు. ర్యాండ్‌బిట్వీన్ షీట్‌లో ఏ మార్పు జరిగినా కొత్త నంబర్ తీస్తుంది, గెస్ కొట్టడమూ మార్పే. అంటే మనం అడిగిన ప్రతిసారీ రహస్యం మారిపోతుంది. ఆ సెల్‌ని కాపీ చేసి అక్కడే కంట్రోల్+షిఫ్ట్+వి కొడితే ఫార్ములా పోయి నంబర్ మాత్రమే మిగులుతుంది. 'రహస్యం' షీట్‌ని హైడ్ చేసి, వాడి ల్యాప్‌టాప్‌కి ఎడిట్ యాక్సెస్‌తో షేర్ చేశా.

రెండు గెస్‌ల్లో గెలిచాడు. మళ్లీ రెండే. మూడోసారి వాడి స్క్రీన్‌లోకి తొంగిచూశా. వ్యూ మెనూలో హిడెన్ షీట్స్ ఓపెన్ చేసి చూస్తున్నాడు! "దాచానన్నావ్, మెనూలోనే ఉంది కదరా" అని నవ్వాడు. నిజమే. ప్రొటెక్ట్ షీట్ పెట్టినా మార్చకుండా ఆపుతుందే తప్ప చూడకుండా ఆపదు. వేరే ఫైల్‌లో పెట్టి ఇంపోర్ట్‌రేంజ్‌తో తెద్దామన్నా, ఒకసారి అలో యాక్సెస్ నొక్కాక ఆ ఫైల్‌లో ఏ సెల్‌నైనా ఇక్కడికి లాగొచ్చు. జీతాలో, ఫోన్ నంబర్లో హిడెన్ షీట్‌లో పెట్టి ఫైల్ షేర్ చేసేవాళ్లు ఒకసారి ఆలోచించుకోండి.

"నంబర్ నా మనసులో ఉంచుకుంటా, షీట్‌నే కనుక్కోమను" అన్నాడు వాడే. నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నా. ఏ2లో 1, బీ2లో 100, సీ2లో =ఇంట్((ఏ2+బీ2)/2), డీ2లో మన జవాబుకి డ్రాప్‌డౌన్. "పెంచు" అంటే కింది వరుస ఏ సెల్‌లో సీ2+1, "తగ్గించు" అంటే బీ సెల్‌లో సీ2-1, లేకపోతే పాతవే. ప్రతిసారీ సగం ఎగిరిపోతుంది కాబట్టి 100 నంబర్లకి 7 గెస్‌లు దాటదు. ఈ ఫార్ములాలన్నీ వాడే టైప్ చేశాడు. ఏ విలువ బీ కంటే పెద్దదైపోతే, అంటే ఎక్కడో అబద్ధం చెప్తే, వరుసని ఎర్రగా చూపించే కండిషనల్ ఫార్మాటింగ్ కూడా పెట్టాడు.

మొదటి ఆట నేనే ఆడా. నాలుగో జవాబు కావాలనే తప్పు చెప్పా. ఇంకో మూడు జవాబులకి వరుస ఎర్రబడింది. ఆ రాత్రి చాయ్ నేనే తెచ్చా.