తల నరికితే పూలెక్కువ పూస్తాయా?

జులైలో డాలస్ చుట్టుపక్కల ఎండ మామూలుగా ఉండదు. 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే లాన్‌లో గడ్డి కూడా గోధుమ రంగుకి తిరుగుతుంది. అలాంటి రోజుల్లోనే రోడ్డు పక్కన, గుడి పార్కింగ్‌లో, ఇండియన్ గ్రోసరీ ముందు ఒక చెట్టు మాత్రం ఒళ్లంతా పూలతో నవ్వుతుంటుంది. గులాబీ, ఎరుపు, ఊదా, తెలుపు... ముడతలు పెట్టిన క్రేప్ కాగితం కత్తిరించి గుత్తులు కట్టినట్టుంటాయి. అదే క్రేప్ మర్టల్. 1997లో టెక్సాస్ దీన్ని రాష్ట్ర పొదగా ప్రకటించింది. మనవాళ్లు చాలామంది ఉండే మెకిన్నీలో అయితే దీని రకాలన్నీ పోగేసి ఒక పార్కే పెట్టారు.

ప్లేనోలో మేం కొన్న ఇంటి ముందు కూడా ఒకటుంది. మూడు మానులు, ఒక్కోటీ నా మణికట్టు కంటే లావు. దాన్ని పాడుచేసింది నేనే.

మొదటి ఫిబ్రవరిలో చూస్తే, మా వీధిలో సగం ఇళ్ల ముందు ఈ చెట్లని ఛాతీ ఎత్తులో అడ్డంగా కోసేసి ఉన్నాయి. ఇంతమంది చేస్తున్నారంటే కరెక్టే అయ్యుంటుంది కదా అనుకున్నా. ఆఫీసులో ఎవరి కోడో కాపీ కొట్టినంత ఈజీగా రంపం తెచ్చి, మూడు మానులూ ఒకే లెవెల్లో కోసి, ఫొటో తీసి ఇంటి గ్రూపులో పెట్టా. ఇక్కడ దీనికో పేరుందని తర్వాత తెలిసింది: ‘క్రేప్ మర్డర్’. జోకేం కాదు, తోటపని తెలిసినవాళ్లంతా ఆ మాటే వాడతారు.

నరికితే పూలు రావా అంటే, వస్తాయి. తిరకాసంతా అక్కడే. క్రేప్ మర్టల్ పాత కొమ్మ మీద పూయదు, ఆ ఏడాది వేసిన కొత్త రెమ్మ చివరే పూస్తుంది. తల కోసేస్తే కోత కిందనుంచి పది పదిహేను రెమ్మలు ఒక్కసారి ఎగదన్నుకొస్తాయి. దాంతో ‘చూశావా, కోస్తే ఎంత బాగా వచ్చిందో’ అనిపిస్తుంది. కానీ ఆ రెమ్మలకి మానుతో గట్టి అతుకుండదు. చీపురుపుల్లల్లా పొడుగ్గా సాగుతాయి. వాటి చివర పెద్ద గుత్తి, దాని మీద ఒక వాన... ఇక చూడాలి. మా చెట్టుకి కొన్ని నేలకి వంగాయి, మూడు విరిగి డ్రైవ్‌వేలో పడ్డాయి. పూత కూడా పక్కింటి చెట్టు కంటే ఆలస్యమే.

ఇంత జరిగినా నాకు బుద్ధి రాలేదు. రెండో ఏడూ అదే చోట కోశా. ఆ వేసవిలో అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. కారు దిగగానే చెట్టు వంక చూసి, “ఇదేంట్రా, చేతులకి పిడికిళ్లు మొలిచినట్టుంది?” అంది. ఏటా ఒకే చోట కోస్తే మాను చివర బొడిపె కడుతుంది, అమ్మ చూసింది అదే. ఇది గోరింట కుటుంబం చెట్టే అని చెబితే ఆకు నలిపి చేతికి రాసుకుని, రంగు రాకపోయేసరికి పెదవి విరిచింది. నిజానికి గోరింట, దానిమ్మ, క్రేప్ మర్టల్ మూడూ లిథ్రేసీ కుటుంబంలోవే. ఎర్రగా పండేది మాత్రం గోరింట ఒక్కటే.

మరి ఎలా కత్తిరించాలి? అసలు చాలా చెట్లకి పెద్దగా కోయాల్సిన పనే ఉండదు. చలికాలం చివర, చిగురు రాకముందు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు, లోపలికి పెరిగేవి, ఎండిపోయినవి, మొదట్లో వచ్చే పిలకలు తీసేస్తే చాలు. పెన్సిల్ కంటే లావైన కొమ్మ జోలికి వెళ్లేముందు ఒకసారి ఆలోచించుకోండి. కింద మానులు శుభ్రంగా ఉంటే బెరడు అందం కనబడుతుంది. పాత బెరడు పొరలుగా ఊడి లోపల నున్నగా తేలుతుంది. జపాన్‌లో దీన్ని పిలిచే పేరుకి ‘కోతి జారిపోయేది’ అని అర్థం, అంత నునుపు.

‘కోయకపోతే కిటికీ మూసేస్తుంది’ అనేవాళ్లుంటారు. అది చెట్టు తప్పు కాదు, కొన్నప్పుడు ట్యాగ్ చదవకపోవడం. నాచెజ్ అనే తెల్లపూల రకం 20, 30 అడుగులు పెరుగుతుంది. దాన్ని కిటికీ కింద నాటి ప్రతి ఏడూ దాంతో కుస్తీ పట్టడం దేనికి? పొకమోక్ లాంటి పొట్టి రకాలు 3 అడుగుల దగ్గరే ఆగుతాయి, కుండీలో కూడా పెట్టుకోవచ్చు. నాచెజ్‌ని 1978లో అమెరికా నేషనల్ ఆర్బొరేటమ్ విడుదల చేసింది. మామూలు రకాన్ని జపాన్ జాతితో కలిపి తయారుచేశారు కాబట్టి దీనికి బూడిద తెగులు బాగా తక్కువ.

స్థలం విషయంలో ఒకటే పట్టింపు: రోజుకి కనీసం 6 గంటల నేరుగా పడే ఎండ. నీడలో పెడితే ఆకులే ఆకులు. నత్రజని ఎరువు దట్టించినా అదే గతి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెంచుకునేవాళ్లు తూర్పు బాల్కనీలో పెట్టి ‘పూయట్లేదు’ అంటే కారణం ఎక్కువగా ఇదే. దాన్ని డాబా మీదకి మార్చండి. నాటిన మొదటి ఏడాది వేర్లు దిగేదాకా లోతుగా నీళ్లివ్వాలి, తర్వాత ఎండని అదే ఓర్చుకుంటుంది. వాడిన గుత్తులు తుంచేస్తే మళ్లీ పూసే అవకాశం ఉంది.

మాను నల్లగా మసి పూసినట్టయితే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. దగ్గరగా చూస్తే తెల్లటి దూది ముక్కల్లాంటివి బెరడుకి అంటుకుని ఉంటాయి, నలిపితే గులాబీ రంగు రసం వస్తుంది. అది పొలుసు పురుగు. ఆసియా నుంచి వచ్చిన ఈ పురుగుని అమెరికాలో మొదట గుర్తించింది 2004లో, మా ఇంటికి పక్కనే ఉన్న రిచర్డ్‌సన్‌లో! మెత్తటి బ్రష్, సబ్బు నీళ్లతో మాను కడిగితే చాలావరకు పోతాయి. ఇమిడాక్లోప్రిడ్ మందు మొదట్లో పోస్తే పనిచేస్తుంది కానీ, అది పూలలోకీ వెళ్తుంది. ఆ పూల కోసం తేనెటీగలు వస్తాయి. అందుకే నేను బ్రష్‌తోనే సరిపెట్టా. పురుగుల్ని తినే అక్షింతల పురుగులు కూడా నాలుగైదు కనిపించాయి, వాటిని కదిలించలేదు.

తల కోసేసిన చెట్టుకి రెండు దారులున్నాయి. మొత్తం నేలమట్టానికి కోసి కొత్త పిలకల్లోంచి మంచివి ఎంచుకోవడం ఒకటి. వేరు గట్టిదైతే ఇది భయపడే పనేం కాదు. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో డాలస్‌లో మైనస్ 2 ఫారెన్‌హీట్‌కి పడిపోయినప్పుడు, పైన చచ్చిపోయిన చెట్లెన్నో వేసవికి మొదట్లోంచి మళ్లీ చిగురించాయి. రెండోది ఓపిక దారి: ఒక్కో బొడిపె మీద రెండు మూడు బలమైన రెమ్మలు ఉంచి మిగతావి తీసేయడం. అవే రెండు మూడేళ్లలో కొమ్మలవుతాయి.

నేను రెండోదే పట్టుకున్నా. ఈ ఫిబ్రవరిలో వీధంతా రంపాల చప్పుడు వినిపిస్తుంటే నేను చిన్న కత్తెరతో బయటికొచ్చా. ఎదురింటాయన తన చెట్టు కోసేసి, “మా రంపం కావాలా?” అని అడిగాడు. వద్దన్నా. జులైకి రెండు మానుల మీద కొమ్మలు నిటారుగా నిలబడి పూశాయి. మూడో దాని బొడిపె ఇంకా కనిపిస్తూనే ఉంది. అమ్మ వీడియో కాల్‌లో మొదట అడిగేది దాని గురించే.