చిన్న ఉపగ్రహానికి యాంటెన్నా: కొందామా, చేద్దామా?

పొడుగు, ఎడల్పు, ఎత్తు అన్నీ పది సెంటీమీటర్లే. గసొంటి డబ్బానే క్యూబ్‌శాట్. 1999ల అమెరికాల కాల్ పాలీ, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలోళ్లు ఈ కొలత పెట్టిన్రు. మన హైదరాబాద్, బెంగళూరు దిక్కు ఇంజినీరింగ్ పోరగాళ్లు కలిసి చేసిన స్టడ్‌శాట్ 2010 జులై 12న శ్రీహరికోట నుంచి పైకి పోయింది. అది కిలో బరువు సుత లేదు.

ఇసొంటి డబ్బాకు నోరూ చెవీ యాంటెన్నానే. అది తెరుసుకోకుంటే లోపల ఎంత మంచి కెమెరా ఉన్నా దండుగ. మీదికి పోయి బాగుజేసేటోడు ఎవ్వడుండడు. అందుకే కొనాల్నా, చేసుకోవాల్నా అనేది చిన్న ముచ్చట కాదు.

లెక్క అల్కటిదే. 300ను మెగాహెర్ట్జ్‌తోని భాగిస్తే అల పొడుగు మీటర్లల్ల వస్తది. 437 మెగాహెర్ట్జ్‌కు 69 సెంటీమీటర్లు. అండ్ల నాలుగో వంతు, అంటే 17 సెంటీమీటర్ల యాంటెన్నా కావాలె. డబ్బానేమో పదే. మలిచి కట్టి పంపాలె, పైన ఇప్పాలె.

చేసుకునేటోళ్లు ఎక్కువగ వాడేది మేస్త్రి జేబుల ఉండే ఉక్కు టేపు. మలిస్తే మలుగుతది, ఇడిస్తే నిటారుగ అయితది. నైలాన్ దారంతోని కట్టేస్తరు. రాకెట్ ఇడిసిపెట్టినంక కనీసం 30 నిమిషాలు ఆగి, తీగను వేడిజేసి దారం తెంపుతరు. సామాన్లకు వందల రూపాయలే. అసలు ఖర్సు పరీక్షలది: రాకెట్ కుదుపు, గాలి లేని చోటు, ఎముకలు కొరికే చలి. వీటన్నిట్ల తెరుసుకుంటదా?

కొనేదానికి లక్షలు కావాలె. కానీ మంచి కంపెనీ సరుకు ఇదివరకే పైకి పోయి పనిచేసి ఉంటది. అయినా మన డబ్బాకు బిగించినంక మళ్ల కొలవాల్సిందే. ఎందుకంటే డబ్బా ఒళ్లు కూడా యాంటెన్నాల భాగమే.

నా మాటైతే ఇది. నేర్సుకునుడే లక్ష్యమైతే చెయ్యున్రి. ఆకరి నెలల కాదు, మొదటి నెలల మొదలువెట్టున్రి. రెండు వేడి తీగలు పెట్టున్రి, ఒకటి ఫెయిలైతే ఇంకోటి ఉంటది. పదులసార్లు తెరిసి చూడున్రి. ఇంకొకళ్ల పరికరం మోసుకపోతుంటే, టైం లేకుంటే, కొనున్రి. అండ్ల నామోషీ ఏం లేదు.

"మనతోని కాదు" అని కొనుడు తప్పు. "మాకన్నీ వస్తయ్" అని పరీక్ష లేకుంట పంపుడు ఇంకా పెద్ద తప్పు.

ఊర్లె ఉన్నోళ్లు ఇయ్యాల్నే మొదలువెట్టాలంటే కింది యాంటెన్నా చెయ్యున్రి. పీవీసీ పైపు, అదే ఉక్కు టేపు చాలు. అది ఫెయిలైనా మళ్ల చేసుకోవచ్చు. పైదానికి ఆ రెండో అవకాశం ఉండదు.