కొండగడ్డికి నిప్పు

పొయ్యిలోని నిప్పు అన్నము వండును. చూరెక్కినచో నిల్లు గాల్చును. శేషాచలమందును అంతియే.

ఏండ్లతరబడి పేరుకొనిన ఎండు బోదగడ్డి క్రొత్తమొలకకు వెలుతురు రానీయదు. అది కాలినను నేలలోని దుబ్బు చావక, వాన పడగానే చిగిర్చును. అందులకే కాపరులు కొందరు కొండకు నిప్పుపెట్టుదురు. కాని నడివేసవిగాలిలో ఆ నిప్పు హద్దెరుగక యెఱ్ఱచందనపు లేతమొక్కలను మ్రింగును. 2014 మార్చిలో తిరుమల అడవులంటుకొనగా వాయుసేన హెలికాప్టర్లు నీరు కుమ్మరింపవలసివచ్చెను.

వేసవికి ముందే, గాలి లేని వేళ, కావలి యుంచి అటవీశాఖవారు గడ్డిని బాటలుగా కాల్చుట యిందులకే. కాలిన బాటను మంట దాటుట కష్టము. నిప్పును కొండనుండి వెడలగొట్టుటకన్న దానికి వేళయు హద్దును ఏర్పరచుట మేలని మేము తలంతుము.

ఖాండవము కాలునపుడు మందపాలుని పిల్లలు అగ్నివరమున బ్రతికిరి. మన కొండగూళ్లకు మనుష్యుల మెలకువయే వరము.