పరుల దండు – పోయిన మన్నెము

ఇంగ్లండు రాజుల చరిత్రమును పాఠశాలలలో వల్లెవేసినవారు మనలో ననేకులు గలరు. 1204లో జాను రాజు నార్మండీని గోల్పోయెను. 1415లో అయిదవ హెన్రీ అజింకోర్టున జయభేరి మ్రోగించెను. అయినను 1453 నాటికి ఫ్రాన్సున వారికి కలే రేవును దాని పరిసరములును మాత్రమే మిగిలెను. 1558లో నవియును పోయెను. ఆ రాజులు పరదేశముపై దండెత్తి భూమిని బోగొట్టుకొనిరి. మన యుత్తరాంధ్ర ప్రభువులు పరదేశపు దండును ఇంటికి దెచ్చుకొని పోగొట్టుకొనిరి.

1757 జనవరిలో విజయనగర ప్రభువు పెదవిజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీ తోడ్పాటుతో బొబ్బిలికోటను గూల్పించి, కొద్దినాళ్లకే తాండ్ర పాపారాయనిచే హతుడయ్యెను. వారసుడైన ఆనందరాజు ఫ్రెంచివారితో చెడి ఇంగ్లీషువారిని బిలిచెను. 1758 డిసెంబరులో కర్నల్ ఫోర్డు చందుర్తికడ ఫ్రెంచివారి నోడించెను. జయము రాజుది, ఫలము కుంపిణీది. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానాచే ఉత్తర సర్కారులు కుంపిణీకి దక్కెను. చందుర్తి గడచిన ముప్పదియాఱవయేట, 1794 జూలై 10వ తేదీని, కప్పపు బాకీల తగవులో ఆ కుంపిణీసేనయే చినవిజయరామరాజును పద్మనాభమున గూల్చెను. కుమారుడు నారాయణబాబు కొండజమీందారుల శరణు జొచ్చెను. పిదప జమీందారీ మరల లభించినను కుదించుకొనిపోయెను. కొండజమీందారులు విజయనగరమును విడిచి నేరుగా కుంపిణీకే లోబడిరి.

రాజులు పోగొట్టుకొన్నది కప్పము. కొండవారు పోగొట్టుకొన్నది అడవి. 1839 చట్టము మన్నెమును మామూలు కోర్టుల నుండి తప్పించి కలెక్టరు చేతిలో నుంచెను. 1936 ఏప్రిల్ 1న జయపురము ఒరిస్సాలో జేరెను. అరకు విశాఖపట్టణముతో నిలిచెను. నేటికిని కొటియా ప్రాంతపు 21 గ్రామములకై రెండు రాష్ట్రములును వాదించుకొనుచున్నవి. ఇన్ని పంపకములలో పోడు సేయువాని మాటకు దక్కిన విలువ యెంత?

1970 నాటి భూబదలాయింపు చట్టము మన్నెపు భూమిని గిరిజనేతరులు కొనరాదని శాసించినది. అనంతగిరి గనుల కౌలుపై సమత సంస్థ తెచ్చిన వ్యాజ్యమున 1997లో సుప్రీముకోర్టు ఈ రక్షణమును దృఢపరచినది. మైదానపు భూస్వాములకు మా మనవి యిది: బినామీపేరున అరకులో నెకరము కొనువాడు బుస్సీని నిందింప నర్హుడు గాడు. దండు లేకుండ జరుగు దండయాత్రయు దండయాత్రయే.